సోలార్ హీటర్‌లో పేరుకున్న గారకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఎంత వేయాలి? నా లెక్క సరిచూడండి

నిజాంపేట లెక్కల టీచర్:

నమస్కారం. హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నిజాంపేటలో మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. డాబా మీద 20 గాజు గొట్టాల సోలార్ వాటర్ హీటర్ ఆరేళ్ల కిందట పెట్టించాం. ట్యాంకు 200 లీటర్లది, స్టెయిన్‌లెస్ స్టీలు. మంజీరా కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి అవి తాగడానికీ వంటకూ మాత్రమే సరిపోతాయి. హీటర్‌లోకి వెళ్లేది బోరు నీరే. పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 580 మిల్లీగ్రాములని వచ్చింది. తాగునీటికి భారతీయ ప్రమాణం 200 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే మాది అంచు మీద ఉన్న నీరు.

మా వారికి మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే వేడినీళ్ల కాపడం పెట్టుకోనిదే మెట్లు దిగలేరు. పోయిన చలికాలం దాకా ఉదయం ఆరింటికి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు వచ్చేవి. ఈ డిసెంబరులో గోరువెచ్చగా వస్తున్నాయి, ధార కూడా సన్నబడింది. షవరు విప్పితే దోసెడు తెల్ల గార పెచ్చులు రాలాయి. కోడిగుడ్డు పెంకులాగా ఒక వైపు నున్నగా, మరో వైపు గరుకుగా ఉన్నాయి. ఒక పెచ్చు మీద నిమ్మకాయ పిండితే బుసబుస పొంగింది.

మెకానిక్‌ను పిలవమని అందరూ అంటున్నారు. రెండేళ్ల కిందట మా పక్కింటికి ఒకాయన వచ్చి, పేరు రాసిలేని డబ్బాలోంచి ఘాటైన యాసిడ్ ట్యాంకులో పోశాడు. ఎంత పోస్తున్నారని నేనే అడిగాను. అంచనాగా పోస్తామన్నాడు. నాలుగు నెలలు తిరగకముందే ఆ ట్యాంకు అతుకు దగ్గర కారడం మొదలైంది. మా ట్యాంకుకు ఆ గతి పట్టనివ్వను. ఎంత వేయాలో ముందు తెలిశాకే మూత తెరుస్తాను.

నా లెక్క ఇది. అడుగు వాల్వు తిప్పి, 20 లీటర్ల బకెట్‌తో పట్టి చూస్తే తొమ్మిది బకెట్లు నిండి, పదోది ముప్పావు వచ్చింది. అంటే 195 లీటర్లు. గాజు గొట్టం చుట్టుకొలత పట్టి వ్యాసం కడితే 5.8 సెం.మీ., పొడవు 180 సెం.మీ. ఒక్కోదానిలో 4.75 లీటర్లు, ఇరవైకి 95. మొత్తం 290 లీటర్లు. కెటిల్ గార తీసే పొడి ప్యాకెట్ మీద లీటరుకు 50 గ్రాములని రాసి ఉంది. ఆ ప్రకారం 14 కిలోల 500 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. ఇంత అవసరమా? ఇంత వేస్తే ట్యాంకు ఆగుతుందా? తెలిసినవారు దయచేసి సరిచూడండి.

—

అల్వాల్ ప్లంబరు:

టీచరమ్మా, మీ బకెట్ లెక్క బాగుంది. గొట్టాల లెక్కలో తేడా ఉంది. ఆ గొట్టం ఒకటి కాదు, గొట్టంలో గొట్టం. రెండు గాజుల మధ్య గాలి తీసేసి ఉంటుంది, నీళ్లు నిలిచేది లోపలి దానిలోనే. దాని లోవ్యాసం నాలుగున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ఒకటి విప్పి, నీళ్లు నింపి, లీటరు మగ్గుతో కొలిచి చూడండి. రెండున్నర, మూడు లీటర్ల మధ్య వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. అడుగు వాల్వు తిప్పితే ట్యాంకు ఖాళీ అవుతుంది కానీ గొట్టాలు కావు. అవి ట్యాంకు కిందికి వేలాడుతుంటాయి, వాటిలో నీళ్లు అలాగే నిలిచిపోతాయి. ట్యాంకులో ఊడిన పెచ్చులన్నీ జారి గొట్టాల అడుగున చేరతాయి. జానెడు ఎత్తున సున్నం పేరుకున్న గొట్టాలు నేను చాలా చూశాను. అడుగు అలా పూడిపోతే ఆ మేర ఎండ వేడి నీటికి సరిగా అందదు. మీ నీళ్లు గోరువెచ్చగా రావడానికి సగం కారణం అదే అయ్యుంటుంది.

కాబట్టి ముందు యాసిడ్ కాదు. ముందు గొట్టాలు విప్పి, తలకిందులు చేసి, ఆ పొడి పారబోయాలి. చేత్తో తీయగలిగినదాన్ని యాసిడ్‌తో కరిగించడం దండగ. తెల్లవారుజామునే విప్పండి. ఎండలో వేడెక్కిన ఖాళీ గొట్టంలో చన్నీళ్లు పడితే గాజు టప్పున పగులుతుంది. ట్యాంకు రంధ్రంలో రబ్బరు రింగు ఉంటుంది, తిరిగి ఎక్కించేటప్పుడు దానికి సబ్బు నీళ్లు రాసి మెల్లగా తిప్పుతూ ఎక్కించాలి. ఆరేళ్ల రింగులైతే కొత్తవి వేసుకోవడమే మంచిది.

—

జీడిమెట్ల కెమిస్టు:

టీచర్ గారూ, నమస్తే. ముప్పై ఏళ్లుగా రసాయనాల మధ్యే పని చేస్తున్నాను. మీ ప్రశ్న చూసి సంతోషం వేసింది. ఎంత పోస్తున్నారని అడిగేవారే తక్కువ.

మీరు నీటి పరిమాణాన్ని బట్టి మందు కట్టారు. అసలు కట్టవలసింది గార బరువును బట్టి. నిమ్మ ఉప్పు పని చేసేది నీటి మీద కాదు, సున్నం మీద. 250 లీటర్ల ట్యాంకులో పావు కిలో గార ఉన్నా, పది కిలోలు ఉన్నా లీటరుకు 50 గ్రాములే అంటే ఒకచోట దుబారా, మరోచోట చాలదు. కెటిల్ చిన్నది, అక్కడ ఆ తేడా కనిపించదు.

గార ఎక్కువ భాగం కాల్షియం కార్బోనేట్. అది 100 గ్రాములు కరగాలంటే నీటి అంశ లేని సిట్రిక్ యాసిడ్ 128 గ్రాములు, స్ఫటిక జలం ఉన్నదైతే 140 గ్రాములు కావాలి. బజారులో విడిగా అమ్మే నిమ్మ ఉప్పు రెండింటిలో ఏదైనా కావచ్చు, అందుకే 140 వేసుకోండి. అయితే సరిగ్గా అంతే వేస్తే ఒక చిక్కుంది. ఆమ్లం పూర్తిగా ఖర్చయిపోయాక కాల్షియం సిట్రేట్ తెల్లటి బురదలా దిగుతుంది. అది నీటిలో బాగా తక్కువ కరుగుతుంది, వేడి నీటిలో ఇంకా తక్కువ. గార వదిలించబోయి గొట్టాల నిండా పెరుగు లాంటి ముద్ద పోసుకున్నట్టు అవుతుంది. కాబట్టి రెట్టింపు తీసుకోండి, 100 గ్రాముల గారకు 280 గ్రాములు. దాన్ని రెండు విడతలుగా వేసి, ఆమ్లం ఇంకా మిగిలి ఉండగానే వదిలేయండి. గొట్టాల మీద పాత దుప్పట్లు కప్పి నీళ్లు చల్లగా ఉంచండి.

ఆమ్లం మిగిలి ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. గంటకోసారి గ్లాసుడు నీళ్లు పట్టి చిటికెడు వంట సోడా వేయండి. బాగా పొంగితే బలం ఉంది. పొంగు మందగించగానే వాల్వు తిప్పేయండి.

గార బరువు ఎంతో మీరే కట్టగలరు. ట్యాంకు లోపలి వైశాల్యం, పెచ్చు మందం, పెచ్చు సాంద్రత తెలిస్తే చాలు. ఇంకో పని కూడా చేయండి. పది గ్రాముల పెచ్చుల్ని పొడి చేసి, 28 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి చూడండి. కరగనిది ఇసుకో, మట్టో, తుప్పో. దానికి ఎంత ఆమ్లం పోసినా లాభం లేదు.

—

సైనిక్‌పురి నుంచి:

ఇంత లెక్క ఎందుకండీ, మేం బాత్రూం యాసిడ్ రెండు సీసాలు పోసి గంటలో కడిగేస్తాం. నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

—

జీడిమెట్ల కెమిస్టు:

దయచేసి ఆ పని మానండి. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. సున్నాన్ని త్వరగా కరిగిస్తుంది, నిజమే. కానీ దానిలోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలు మీది రక్షణ పొరను చీల్చి సూదిమొనంత గుంటలు తవ్వుతుంది. వెల్డింగ్ అతుకుల దగ్గర ఆ దాడి ఎక్కువ. టీచర్ గారి పక్కింటి ట్యాంకు అతుకు దగ్గరే కారిందంటే నాకు ఆశ్చర్యం లేదు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసే ఇళ్లలో ఆ పొడి మీద ఈ యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. నిమ్మ ఉప్పునైనా సరే, బ్లీచింగ్ పౌడర్‌తో ఒకే బకెట్‌లో, ఒకే మగ్గుతో వాడవద్దు.

—

నిజాంపేట లెక్కల టీచర్:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ వారం రోజులు ఇదే పని మీద ఉన్నాను. వచ్చిన అంకెలు పెడుతున్నాను.

ముందు నీటి కాఠిన్యం నుంచే గార బరువు కట్టవచ్చేమో అని చూశాను. రోజుకు 150 లీటర్లు, లీటరుకు 300 మిల్లీగ్రాములు దిగుతుందనుకుంటే రోజుకు 45 గ్రాములు, ఏడాదికి 300 రోజులకు 13.5 కిలోలు, ఆరేళ్లకు 81 కిలోలు. అంత ఉండే అవకాశమే లేదు, ట్యాంకు ఇప్పటికీ పది బకెట్లకు కాస్త తక్కువ నీళ్లు పడుతోంది. దిగేదానికన్నా నీళ్లతో బయటికి పోయేదే ఎక్కువన్నమాట. ఆ దారి వదిలేశాను.

గొట్టం కొలిచాను. 2.7 లీటర్లు పట్టింది. ఇరవైకి 54. ట్యాంకుతో కలిపి 249 లీటర్లు. నా మొదటి లెక్కలో 41 లీటర్లు ఎక్కువ కట్టాను.

ట్యాంకు బయటి పొడవు 185 సెం.మీ., వ్యాసం 48 సెం.మీ. చుట్టూ వేడి పోకుండా పెట్టిన పఫ్ (నురుగు) పొర ఐదు సెంటీమీటర్లని గొట్టం విప్పిన రంధ్రంలో స్కేలు పెట్టి చూశాను. కాబట్టి లోపలి పొడవు 175, వ్యాసం 38. ఘనపరిమాణం 198 లీటర్లు వస్తోంది, బకెట్ల 195కు దగ్గరగానే ఉంది. పక్క గోడ, రెండు మూతలు కలిపి లోపలి వైశాల్యం 2.3 చదరపు మీటర్లు.

పెచ్చు మందం కొలవడమే కష్టమైంది. ఒక్క పెచ్చును స్కేలు మీద పెడితే గీత కన్నా సన్నగా ఉంది. రంధ్రంలో వేలు పెట్టి ట్యాంకు గోడ నుంచి ఊడదీసిన పెచ్చులు పది ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, దారంతో కట్టి కొలిచాను. ఐదు మిల్లీమీటర్లు. ఒక్కోటి అర మిల్లీమీటరు. ఆ ప్రకారం గార ఘనపరిమాణం 1150 ఘనసెంటీమీటర్లు. సాంద్రత కోసం వంద గ్రాముల పెచ్చుల్ని రాత్రంతా నానబెట్టి కొలజాడీలో వేస్తే నీళ్లు 50 మిల్లీలీటర్లు పైకి లేచాయి. అంటే ఘనసెంటీమీటరుకు 2 గ్రాములు. గార మొత్తం 2300 గ్రాములు.

మీరు చెప్పినట్టు నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా ఉంచి చూస్తే పది గ్రాముల పెచ్చుల పొడిలో ఒక గ్రాము మిగిలింది. పాత పంచె గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి తూచాను. ఎర్రటి మట్టి, వేళ్ల మధ్య ఇసుకలా తగులుతోంది. కాబట్టి కరిగేది 2070 గ్రాములు. దానికి 2.8 రెట్లు అంటే 5796 గ్రాములు, అటూఇటూగా 5 కిలోల 800 గ్రాములు. విడతకు 2 కిలోల 900. లీటరుకు 12 గ్రాముల లోపే. మొదట నేను కట్టిన 14.5 కిలోల్లో సగం కూడా కాదు. సరేనా?

మరొక సందేహం. ట్యాంకు వదిలాక కూడా గొట్టాల్లో 54 లీటర్ల ఆమ్లం నీళ్లు ఉండిపోతాయి కదా. దాన్ని ఎలా పోగొట్టాలి?

—

జీడిమెట్ల కెమిస్టు:

లెక్క సరిగ్గా ఉంది. పేర్చి కొలవడం చాలా మంచి పద్ధతి.

గొట్టాల్లో నిలిచినదాన్ని పలచన చేసి పోగొట్టాలి. ప్రతిసారీ 249లో 54 మిగులుతుంది, అంటే 0.217 వంతు. మళ్లీ నింపి, దుప్పట్లు తీసి ఓ రెండు గంటలు ఎండ తగలనిస్తే వేడి నీళ్లు పైకీ చల్లనివి కిందికీ తిరిగి అన్నీ కలుస్తాయి. కలవకముందే వదిలితే లాభం లేదు. రెండోసారికి 0.047, మూడోసారికి 0.01. మూడుసార్లు నింపి వదిలితే నూటికి ఒక వంతే మిగులుతుంది.

మరచిపోకూడని మాట ఇది. 100 గ్రాముల గార కరిగితే సుమారు 24 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ రెండు కిలోలకు దాదాపు 500 లీటర్లు. ట్యాంకు మీది గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే ఆ ఒత్తిడి ట్యాంకును ఉబ్బిస్తుంది. ఆ గొట్టంలోనూ గార ఉంటుంది, ముందు తీగతో పొడిచి శుభ్రం చేయండి. నురుగుకు చోటుండేలా ట్యాంకును ఒక బకెట్ వెలితిగా ఉంచండి. నిమ్మ ఉప్పు ఒకేసారి వేయకండి. బకెట్‌లో కరిగించి అరగంటకో మోతాదుగా పోయండి. కళ్లజోడు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ ఉంటే ముందే తీసేయండి, లేకపోతే మీ ఆమ్లాన్ని అదే తినేస్తుంది.

వదిలిన నీళ్లను మొక్కల్లోనూ ఇంకుడు గుంతలోనూ పోయవద్దు. డ్రమ్ములో పట్టి వంట సోడా కలపండి. మిగిలిన ఆమ్లం కిలోకు 1.2 నుంచి 1.3 కిలోల సోడా పడుతుంది. పొంగడం ఆగేదాకా వేస్తే చాలు.

—

అల్వాల్ ప్లంబరు:

బాత్రూముల వైపు వేడినీళ్ల వాల్వు కట్టేసి, దానికి గుడ్డ చుట్టి, ఇంట్లో అందరికీ చెప్పండి టీచరమ్మా. ఇంకో సంగతి ముందే చెబుతున్నాను. పాత ట్యాంకుల్లో ఒక్కోసారి గారే చిన్న చిల్లును మూసి ఉంచుతుంది. గార పోయాక కారడం మొదలైతే అది నిమ్మ ఉప్పు తప్పు కాదు, చిల్లు ఎప్పటినుంచో ఉన్నట్టు. పని అయ్యాక రెండు రోజులు ట్యాంకు కింద తడి ఉందేమో చూస్తూ ఉండండి.

—

నిజాంపేట లెక్కల టీచర్:

పని పూర్తయింది. బేగంబజారు నుంచి ఆరు కిలోల నిమ్మ ఉప్పు తెప్పించాను. శనివారం తెల్లవారుజామున గొట్టాలు విప్పించాం. కొన్నింటిలో నాలుగు వేళ్ల ఎత్తు, ట్యాంకు చివరన ఉన్న మూడింటిలో జానెడు దాటి పొడి ఉంది. అంతా గోనెసంచిలో పోసి తూస్తే, తడితో కలిపి, 3 కిలోల 400 గ్రాములు. ఇది చేత్తో తీసినదే. దీన్ని కూడా ఆమ్లంతో కరిగించబోయి ఉంటే ఎంత ఖర్చయ్యేదో. తిరిగి ఎక్కించేటప్పుడు ఒక గొట్టం మూతి విరిగింది, కొత్తది వేయించాను.

మొదటి విడత ఆదివారం ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టాను. గాలి గొట్టం దగ్గర చెవి పెడితే సన్నగా మరుగుతున్న పాల చప్పుడు వినిపించింది. గంటగంటకూ గ్లాసులో సోడా వేసి, పొంగు ఎంత ఎత్తు లేచిందో గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను. ఏడున్నరకు నాలుగు వేళ్లు. పదకొండింటికి రెండు వేళ్లు. అప్పుడే వాల్వు తిప్పేశాను. నీళ్లు పలచని మజ్జిగ రంగులో వచ్చాయి, అడుగున ముద్ద దిగలేదు. రెండో విడత సోమవారం. ఈసారి మధ్యాహ్నానికి కూడా పొంగు మూడు వేళ్లకు తగ్గలేదు. కరగవలసింది పెద్దగా మిగల్లేదని అర్థమై వదిలేశాను. మూడుసార్లు నింపి వదిలాక గ్లాసులో సోడా వేస్తే ఒక్క బుడగ కూడా రాలేదు.

డిసెంబరు మొదట్లో ఉదయం ఆరింటికి థర్మామీటరు పెడితే 38 డిగ్రీలు ఉండేది. నిన్న 53. రాత్రి బయట చలి రెండు రోజుల్లోనూ దాదాపు ఒకటే. మా వారు కాపడానికి చన్నీళ్లు కలుపుకోవలసి వచ్చింది. ట్యాంకు కింద ఐదు రోజులుగా తడి లేదు.

ఇక మీదట ఆరు నెలలకోసారి చివరి గొట్టం ఒక్కటి విప్పి అడుగున ఎంత ఎత్తు పేరుకుందో స్కేలుతో కొలిచి రాసిపెడతాను. గార చేరకుండా ఫాస్ఫేటు గోళీలు వేసుకోమని మా తమ్ముడు అంటున్నాడు. వేయవచ్చా?

—

జీడిమెట్ల కెమిస్టు:

చాలా సంతోషం టీచర్ గారూ. ఆ గోళీల్లో ఉండే పాలీఫాస్ఫేటు చన్నీళ్ల లైన్లలో బాగా పని చేస్తుంది. నీళ్లు బాగా వేడెక్కితే అది విడిపోయి మామూలు ఫాస్ఫేటుగా మారిపోతుంది, గారను ఆపే గుణం పోతుంది. మీ ట్యాంకు వేసవిలో 70 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నేనైతే దాని మీద ఆధారపడను. వీలైతే మంజీరా నీళ్లు వచ్చే రోజున హీటర్ ట్యాంకును వాటితో నింపుకునేలా ఒక వాల్వు పెట్టించండి.

—

అల్వాల్ ప్లంబరు:

ఆ వాల్వు పెట్టించేటప్పుడు రెండు లైన్లకూ నాన్ రిటర్న్ వాల్వులు వేయించండి. లేకపోతే బోరు నీళ్లు వెనక్కి వెళ్లి మంజీరా లైనులో కలుస్తాయి. కొలవడానికి విప్పే చివరి గొట్టం రింగు కూడా ప్రతిసారీ కొత్తదే వేయండి.